ఇంటి పని మధ్యలో కాంట్రాక్టరుతో పేచీ: కొనసాగించాలా, మార్చాలా, కేసుకు వెళ్ళాలా?

తాతల నాటి పెంకుటిల్లు విప్పి స్లాబు వేయించడం, ఉన్న డాబా మీద రెండు గదులు లేపడం, పెరట్లో బాత్రూమును ఇంట్లోకి తేవడం. అమలాపురం నుంచి భీమవరం దాకా ఏ ఊళ్ళోకి వెళ్ళినా ఇలాంటి పని ఒకటైనా కనిపిస్తుంది. సగంలో ఆగిపోయినవీ కనిపిస్తాయి. కడ్డీలు తుప్పు పడుతూ ఉంటాయి, ఇసుక గుట్ట మీద గడ్డి మొలుస్తుంది, ఇంటివాళ్ళు ముందుగదిలో సామానంతా సర్దుకుని అక్కడే వండుకుంటూ ఉంటారు. కాంట్రాక్టరు ఫోను ఎత్తడు. ఎత్తినా "రేపు పొద్దున్నే మనుషులొచ్చేస్తారండీ, ఆయ్" అంటాడు. ఆ రేపు రాదు.

ఇలాంటప్పుడు ఇంట్లో తలో మాటా అంటారు. వాణ్ణి పంపించేసి వేరేవాణ్ణి పెట్టమని ఒకరు, ఇంకో లక్ష మొహాన కొడితే చేసేస్తాడని ఒకరు, స్టేషన్లో పెట్టమని ఇంకొకరు. ఈ మూడింట్లో ఏది సరైనదో కోపం మీదున్నప్పుడు తేలదు. ఒక్క సంగతి తెలిస్తే మాత్రం చాలావరకు తేలిపోతుంది: ఇప్పటికి మీ ఇంట్లో పని ముందుందా, డబ్బు ముందుందా?

ముందు కొలత, తర్వాతే మాట

సివిల్ ఇంజినీరును ఒకరిని పిలిచి, ఇంతవరకూ జరిగిన పనిని ఒప్పందం రేటు ప్రకారం కొలిపించండి. కాంట్రాక్టరు తెచ్చిన మనిషి వద్దు, అతనికి పోటీగా పని చేసే మేస్త్రీ కూడా వద్దు. ఫీజు మీరు ఇవ్వండి, కాగితం మీద రాయించుకోండి. కొలిచే రోజు కాంట్రాక్టరును కూడా రమ్మనండి. వస్తే మంచిది. రాకపోతే, రమ్మని పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంచుకోండి.

లెక్క ఎలా ఉంటుందో చూడటానికి ఉదాహరణగా కొన్ని అంకెలు వేసుకుందాం. పాలకొల్లు దగ్గర ఊళ్ళో డాబా మీద రెండు గదులు, బాత్రూము, మెట్లు. మెటీరియల్‌తో సహా గుండుగుత్తగా 12 లక్షలకు ఒప్పుకున్నారు. ఇప్పటికి 7.5 లక్షలు ఇచ్చారు. కొలిస్తే అయిన పని విలువ 5.2 లక్షలు. అంటే 2.3 లక్షలు పని కంటే ముందు వెళ్ళిపోయాయి. మిగిలిన పని 6.8 లక్షలది, మీ దగ్గర మిగిలింది 4.5 లక్షలు.

ఆ 2.3 లక్షలు ఎక్కడున్నాయి? చాలాసార్లు ఇంకొకరి ఇంటి స్లాబులో ఉంటాయి. ఒకేసారి మూడు నాలుగు సైట్లు పట్టిన కాంట్రాక్టరు మీ అడ్వాన్సుతో వాళ్ళ పని, వాళ్ళ అడ్వాన్సుతో ఇంకొకరి పని నెట్టుకొస్తూ ఉంటాడు. ఎక్కడో ఒకచోట డబ్బు రాకపోతే అన్ని సైట్లూ ఒకేసారి ఆగిపోతాయి. ఈ సంగతి తెలిస్తే, అతని ఇంటి ముందు కూర్చుని అరిచినంత మాత్రాన డబ్బు ఎందుకు రాదో అర్థమవుతుంది. "ఇంకో లక్ష వేస్తే రేపే మొదలుపెడతానండీ" అన్నప్పుడు ఎందుకు ఇవ్వకూడదో కూడా అర్థమవుతుంది. ఆ లక్ష కూడా మీ ఇంటికి రాదు.

కొలిస్తే లెక్క తిరగబడే సందర్భాలూ ఉంటాయి. ఇచ్చింది 5 లక్షలు, పని 6 లక్షలది అయి ఉంటుంది. వాస్తు కోసం మెట్లు ఇటు నుంచి అటు మార్పించి, కిటికీ మూయించి, వంటగది గట్టు రెండోసారి కట్టించి, ఆ అదనపు పనికి ఇంత అని ఎవరూ రాసుకోకపోతే ఇలాగే అవుతుంది. అప్పుడు తప్పు అతనిదే అనడం న్యాయం కాదు. అదనపు పనులన్నిటికీ కూర్చుని రేటు కట్టి, కొంత ఇచ్చి, పని మళ్ళీ మొదలుపెట్టించుకోండి. ఈ పేచీకి ఇంతకంటే చవకైన పరిష్కారం లేదు.

ఆలస్యానికి ఇంకో కారణం కాలం. సార్వా నాట్లు, దాళ్వా నాట్లు, కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు కూలీల్లో కొందరు పొలానికి వెళ్ళిపోతారు. శ్రీకాకుళం వైపు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన మనుషులు పండగకు ఊరెళితే ఎప్పుడొస్తారో ఎవరూ చెప్పలేరు. సంక్రాంతికి ముందు నెలలో ప్రతి ఇంటివారూ అల్లుళ్ళు వచ్చేలోపు పని అవ్వాలంటారు. డబ్బు ముందుకు పోకుండా, పని నాణ్యంగా ఉండి, రెండు మూడు వారాలు ఆలస్యమైతే కాంట్రాక్టరును మార్చకండి. కొత్తవాడికీ అదే మనుషుల కరువు.

అతనితోనే పూర్తి చేయించుకోవడమా, మధ్యలో మార్చడమా

డబ్బు ముందుకు పోయిన ఇంటికి ఇదే కష్టమైన ప్రశ్న. కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

మార్చడానికి అయ్యే ఖర్చు చాలామంది సరిగా వేసుకోరు. పైన చెప్పిన ఇంట్లో మిగిలిన 6.8 లక్షల పనికి కొత్త కాంట్రాక్టరు 8 లక్షలు అడిగాడనుకోండి. ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంకొకరు సగం చేసిన పని పట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. "ముందాయన చేసినదానికి నేను గ్యారంటీ ఇవ్వనండీ" అని మొదటి రోజే చెబుతారు. పైపులు ఎక్కడున్నాయో తెలియక గోడ మళ్ళీ పగలగొడతారు. మీ చేతిలో 4.5 ఉన్నాయి, కావలసింది 8. అంటే మార్చడం వల్ల అనుకున్న 12 లక్షల పైన ఇంకో 3.5 లక్షలు పడతాయి. పాతవాడి దగ్గర 2.3 లక్షలు వెనక్కి వచ్చినా 1.2 లక్షలు నష్టమే.

అతన్నే ఉంచి పాత పద్ధతిలోనే సాగనిస్తే? అతను 4.5 తీసుకుని 6.8 లక్షల పని చేయాలి. జేబులోంచి 2.3 పెట్టాలి. ఆ డబ్బే ఉంటే పని ఆగేది కాదు.

ఈ రెండింటికీ మధ్యలో మూడో దారి ఉంది. నా మట్టుకు నేను చాలా ఇళ్ళకు ఇదే చెబుతాను. ఒప్పందం రకం మార్చేయండి. సామాను మీరు కొనండి, అతను కేవలం పని చేయించాలి. మిగిలిన 6.8 లక్షల్లో సామాను 4.3, కూలి 2.5 అని ఇంజినీరు తేల్చాడనుకుందాం. సిమెంటు, టైల్స్, పైపులు మీ 4.5 లక్షలతో మీరే కొంటారు. కూలి 2.5లో 2.3 అతను మీకు బాకీ ఉన్నదే కాబట్టి అతని లెక్కలో పడుతుంది. మిగిలిన 20 వేలు పని పూర్తయ్యాక ఇస్తారు. కాగితం మీద లెక్క అతికినట్టు సరిపోతుంది.

చిక్కు శనివారం వస్తుంది. మనుషులకు వారం వారం బట్వాడా చేయాలి. చేతిలో డబ్బులేని కాంట్రాక్టరు అది చేయలేడు, రెండో వారం మనుషులు రారు. అందుకని సగం కూలి మీరే నేరుగా పనివాళ్ళకు ఇచ్చి, పుస్తకంలో అతనితో సంతకం పెట్టించుకునే ఏర్పాటు చేసుకోండి. ఆ మేరకు అతను మీకు పడే బాకీకి ప్రామిసరీ నోటు రాయించుకోండి. నోటు మీద దావా వేయడానికి 3 ఏళ్ళ గడువు ఉంటుంది కాబట్టి తేదీ గుర్తుపెట్టుకోండి. నోటు రాయడానికి ఒప్పుకున్న కాంట్రాక్టరు పని పూర్తి చేసే ఉద్దేశంతో ఉన్నట్టే లెక్క. నోటు మాట ఎత్తగానే మొహం చాటేస్తే, మార్చే దారి చూసుకోవలసిందే.

మార్చాలని నిశ్చయించుకుంటే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఒక్కటి వదిలినా తర్వాత మెడకు చుట్టుకుంటుంది. మొదటిది, తెగతెంపుల కాగితం. ఇంతవరకూ అయిన పని, ఇచ్చిన సొమ్ము, సైటులో ఉన్న సామాను, ఎవరికెంత బాకీ, ఇకపై ఒకరి మీద ఒకరికి పని విషయంలో హక్కు లేదు అనే మాట, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. అతను సంతకం పెట్టకపోతే, ఫలానా తేదీలోపు వచ్చి పని మొదలుపెట్టకపోతే వేరేవారితో చేయించుకుంటాం, ఆ అదనపు ఖర్చు మీ మీద వేస్తాం అని నోటీసు పంపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. గడువు దాటేదాకా ఆగి, అప్పుడే కొత్తవాళ్ళను పెట్టండి.

రెండోది, సిమెంటు కొట్టు. కాంట్రాక్టరు అరువు మీద సామాను తెచ్చి మీ ఇంట్లో దింపి ఉంటాడు. అతను కనిపించకపోతే కొట్టాయన మీ గుమ్మంలోకి వచ్చి "మీ ఇంటికే కదండీ వేశాం" అంటాడు. మీరు అతనికి మాట ఇవ్వలేదు, బిల్లు మీ పేర లేదు అంటే బాధ్యత మీది కాదు. కానీ ఊళ్ళో మాట పడటం ఎవరికి ఇష్టం? పేచీ మొదలైన రోజే కొట్టుకు వెళ్ళి, ఇకనుంచి నా ఫోను లేకుండా నా ఇంటికి సామాను వేయొద్దని చెప్పి రండి.

మూడోది, అతని సెంట్రింగ్ సామాను (స్లాబు పోసేటప్పుడు కింద ఆనించే పలకలు, పోట్లు), కాంక్రీటు కలిపే మిల్లరు, నిచ్చెనలు. "డబ్బు తెచ్చి పట్టుకెళ్ళు" అని తాళం వేసి ఉంచాలనిపిస్తుంది. వద్దు. రేపు అతను స్టేషన్‌కు వెళ్ళి నా సామాను లాక్కున్నారంటే న్యాయం మీ వైపు ఉన్నా జవాబు చెప్పుకోవలసింది మీరవుతారు. వీడియో తీసి, జాబితా రాసి, సంతకం తీసుకుని పంపించేయండి.

ఏ తప్పును సర్దుకోవచ్చు, ఏది కూడదు

ఇంతవరకూ డబ్బు సంగతి. పనిలో లోపం ఉంటే పైన చెప్పిన లెక్క కంటే అదే ముందు నిలుస్తుంది.

స్లాబు, బీములు, స్తంభాల విషయంలో రాజీ వద్దు. సెంట్రింగ్ విప్పిన రోజు స్లాబు కింద కంకర తేలి గూళ్ళు గూళ్ళుగా కనిపించినా, కడ్డీ బయటికి కనిపించినా, దాని మీద సిమెంటు పూసి మూసెయ్యనివ్వకండి. ముందు ఫొటోలు తీయండి, ఇంజినీరుకు చూపించండి. సెంట్రింగ్ ఎప్పుడు విప్పారన్నది కూడా రాసిపెట్టుకోండి. కాంక్రీటు పనికి మన దేశంలో పాటించే ఐఎస్ 456 కోడ్ ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడినప్పుడు 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారానికి ఉన్న దూరం) ఉన్న స్లాబుకు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు పోట్లు ఉంచాలి. 6 మీటర్ల లోపు బీముకు 14 రోజులు. బూడిద కలిసిన పీపీసీ రకం సిమెంటు వాడితే ఇంకాస్త ఆగడమే మంచిది. అద్దె సెంట్రింగ్ వేరే సైటుకు కావాలని ముందే లాగేసే కాంట్రాక్టరు దగ్గర ఇంకో స్లాబు వేయించుకోకండి, డబ్బు లెక్క ఎలా ఉన్నా సరే.

తడపడం కూడా అంతే. కోడ్ మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ లాంటివాటికి 10 రోజులు అంటుంది, ఎండ ఎక్కువగా ఉంటే ఇంకా పెంచమంటుంది. ఏ నీళ్ళతో తడుపుతున్నారన్నది గోదావరి డెల్టాలో అంతకంటే పెద్ద ప్రశ్న. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఇళ్ళ పనులు ఎక్కువగా జరిగేదీ అప్పుడే. చెరువులో నీళ్ళు తగ్గుతాయి, రొయ్యల చెరువుల పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కాంట్రాక్టరు దొరికిన నీళ్ళు కలిపేస్తాడు. కడ్డీ ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పు నీళ్ళ వల్ల తప్పు ఆ రోజు బయటపడదు. కొన్నేళ్ళ తర్వాత కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి, స్లాబు కింద పెచ్చులు రాలడం మొదలవుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రగాలి తగిలే ఊళ్ళలో ఇది ఇంకా తొందరగా వస్తుంది. కడ్డీని కప్పే కాంక్రీటు మందం (కవరు) అక్కడ ఎక్కువ కావాలి. అందువల్ల నీళ్ళు ఎవరు తేవాలో, ఎక్కడివి వాడాలో ముందే తేల్చుకోండి. ట్యాంకరు తెప్పించాల్సి వచ్చి ఆ ఖర్చు మీ మీద పడినా ఒప్పుకోండి.

రెండో రకం లోపాలున్నాయి. కనిపిస్తే కోపం వస్తుంది గానీ కాంట్రాక్టరును మార్చాల్సినంత పని ఉండదు. టైల్స్ కింద బోలు శబ్దం, బాత్రూములో నీళ్ళు వాలు లేక నిలవడం, తలుపు బిగుసుకోవడం, పుట్టీ పొరలు పొరలుగా రావడం. ఇవి పగలగొట్టి మళ్ళీ చేసుకునేవే. జాబితా రాసి ఇవ్వండి, అవి సరిచేసేదాకా తర్వాతి విడత ఆపండి. మేస్త్రీ మంచివాడైతే ఒక్క వారంలో చేసేస్తాడు.

మూడో రకం గురించి కొంచెం నిజాయితీగా మాట్లాడుకోవాలి. కాంట్రాక్టరు మీద పడే నింద అన్నిసార్లూ అతనిది కాదు. పాత గోడకు కొత్తగా ప్లాస్టరింగ్ చేశాక ఏడాది తిరిగేసరికి కింద రెండు మూడు అడుగుల ఎత్తున తెల్లగా ఉప్పు పూసి, పెయింటు రాలిపోతుంది. భూమిలో నీళ్ళు పైపైనే ఉండే డెల్టాలో, బేస్‌మట్టం దగ్గర తడి ఆపే పొర లేని పాత గోడల్లోకి చెమ్మ పైకి ఎక్కుతూనే ఉంటుంది. గానుగ సున్నంతో కట్టిన గోడ ఆ తడిని నెమ్మదిగా బయటికి వదిలేది. దాని మీద సిమెంటు పూత గట్టిగా వేస్తే తడి లోపలే చిక్కి ఇంకా పైకి పాకుతుంది. ఆ గోడకు సిమెంటు పూయమన్నది ఎవరు? ఇంటివాళ్ళే అయితే కాంట్రాక్టరుకు ఇవ్వాల్సింది పట్టి ఉంచడం ధర్మం కాదు. తడి ఆపే రసాయనం వేస్తానని డబ్బు తీసుకుని వేయకపోతే అప్పుడు తప్పు అతనిదే.

పాత ఇంటికి పక్కన కొత్త గది అతికించినప్పుడు రెండు గోడలు కలిసేచోట నిలువు పగులు వస్తుంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, పాత పునాది ఎప్పుడో సర్దుకుంది, కొత్తది ఇంకా సర్దుకుంటూ ఉంటుంది. రెండూ కలిపి ఒకే గోడలా కట్టకుండా మధ్యలో జాయింటు వదలమని డ్రాయింగు చెప్పిందా, కాంట్రాక్టరు వదలలేదా అన్నది చూడాలి. డ్రాయింగే లేకపోతే ఆ పగులు మీద గట్టిగా వాదించడానికి ఏమీ ఉండదు. వెంట్రుకంత పగులైతే పూడ్చుకోండి. వేలు దూరేంత పగులైతే మాత్రం కాంట్రాక్టరుతో వాదన పక్కన పెట్టి, ముందు ఇంజినీరును పిలవండి.

ఊరి పెద్దలా, లోక్ అదాలతా, కమిషనా

ఊరి పెద్దల మాటకు గోదావరి జిల్లాల్లో ఇంకా విలువ ఉంది. కాంట్రాక్టరు ఆ ఊరివాడో పక్క ఊరివాడో అయితే, అతనికి రేపు ఇంకో ఇంటి పని కావాలి కాబట్టి నలుగురిలో మాట పడకూడదనుకుంటాడు. లక్ష, రెండు లక్షల లోపు పేచీకి నేను ముందు ఈ దారే చూడమంటాను. కానీ ఇంజినీరు కొలత కాగితం పట్టుకుని వెళ్ళండి. కాగితం లేకుండా కూర్చుంటే "మధ్యలో తెగ్గొట్టుకోండి" అని ముగించేస్తారు, న్యాయం ఎవరి వైపున్నా సరే. ఒప్పుకున్నదాన్ని అక్కడే రాయించి సంతకాలు తీసుకోండి.

కాంట్రాక్టరు వేరే జిల్లావాడైనా, పెద్దల మాట వినకపోయినా తర్వాతి మెట్టు న్యాయ సేవల సంస్థ. 1987 చట్టం కింద ఏర్పడిన ఈ సంస్థలో కోర్టు కేసు వేయకుండానే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ రాజీపడి అవార్డు (అదాలత్ ఇచ్చే తీర్పు) అయితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఊరి కాగితానికీ దీనికీ తేడా ఇదే: డబ్బు కట్టకపోతే అమలు చేయించుకోవచ్చు. చిక్కేమిటంటే రెండో మనిషి వచ్చి ఒప్పుకోవాలి. ఫోనులో సలహా కావాలంటే 15100.

అసలు రాజీకే రాని మనిషి మీద వినియోగదారుల కమిషన్. ఇల్లు కట్టడం కూడా సేవే అని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చింది, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ సేవల జాబితాలో గృహ నిర్మాణం ఉంది. మీరు ఇచ్చిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. ఫీజు ఇచ్చిన సొమ్మును బట్టి ఉంటుంది: 5 లక్షల దాకా ఏమీ లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 దాకా 400, 50 దాకా 1,000. మన ఉదాహరణలో 7.5 లక్షలు ఇచ్చిన ఇంటివారికి 200 రూపాయలు. మీరు నివసించేచోటి కమిషన్‌లోనే వేయొచ్చు, కాంట్రాక్టరు ఊరికి తిరగనక్కర్లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు. పేచీ పుట్టిన 2 ఏళ్ళలోపు వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించడం కూడా ఒక మెట్టే.

చట్టంలో 3 నుంచి 5 నెలల్లో తేల్చాలని రాసి ఉన్నా, అంతకంటే ఎక్కువ పడుతుందని సిద్ధపడండి. అప్పటిదాకా ఇల్లు సగంలో ఉంచుకోవద్దు. ఫొటోలు, వీడియోలు, ఇంజినీరు రిపోర్టు పక్కాగా పెట్టుకుని, నోటీసు ఇచ్చి, పని వేరేవారితో పూర్తి చేసుకుని, అయిన అదనపు ఖర్చు బిల్లులతో అడగండి. నష్టం పెరగకుండా చూసుకోవలసిన బాధ్యత మీ మీద కూడా ఉంటుంది.

కమిషన్ దారి అందరికీ లేదు. మీరే దగ్గరుండి పురమాయిస్తూ రోజు కూలికి పెట్టుకున్న మనిషి పని వ్యక్తిగత సేవ కిందికి వెళ్తుంది, చట్టం దాన్ని సేవగా లెక్కించదు. లాడ్జీకో ఫంక్షన్ హాలుకో చేయించిన పని వ్యాపారం కిందికి వెళ్తుంది. వీటికి సివిల్ కోర్టే, గడువు 3 ఏళ్ళు. పోలీసు స్టేషన్ గురించి ఒక్క మాట: ఒప్పందం తప్పడం ఒక్కటే మోసం నేరం కాదు, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. ఒకే స్థలం చూపి నలుగురి దగ్గర అడ్వాన్సులు తీసుకుని పారిపోయినవాడి మీద వెళ్ళండి. పని నెమ్మదిగా చేస్తున్నవాడి మీద వెళ్తే, పోలీసులు పిలిచి రెండు మాటలు చెప్పి పంపేస్తారు, ఆ తర్వాత అతను మీ గడప తొక్కడు.

కొత్తగా రాసుకునేటప్పుడు

మిగిలిన పనికి గానీ, వచ్చే ఏడాది చేయించబోయే పనికి గానీ ఒప్పందం మూడు రకాలుగా ఉంటుంది: మెటీరియల్‌తో సహా గుండుగుత్త, సామాను మీదై చదరపు అడుగు లెక్కన లేబర్ కాంట్రాక్టు, రోజు కూలి. మరమ్మతు పనికి గుండుగుత్త అంతగా అచ్చిరాదని నా అభిప్రాయం. పెంకు విప్పాక దూలం చివర పుచ్చి ఉందో లేదో, గోడ తొలిస్తే ఇటుక గట్టిగా ఉందో పొడి అవుతుందో ముందు ఎవరికీ తెలియదు. కాంట్రాక్టరు ఆ భయానికి రేటు పెంచుకుంటాడు, లేదా తక్కువకు ఒప్పుకుని మధ్యలో పేచీ పెడతాడు. అందుకని పని విడదీయండి. విప్పడం, పగలగొట్టడం, పాత గోడ బాగుచేయడం రోజు కూలి మీద. స్లాబు, కొత్త గోడలు, ప్లాస్టరింగ్ చదరపు అడుగు లెక్కన లేబర్ కాంట్రాక్టు, సామాను మీది. టైల్స్, ప్లంబింగ్, కరెంటు పని ఎవరికి వారికి.

సామాను మీదైతే కాపలా కూడా మీదే. కడ్డీ కాటా వేయించి తెప్పించండి. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు సుమారు 0.89 కిలోలు తూగాలి, 12 మీటర్ల నిలువు కడ్డీ పదిన్నర కిలోలకు పైన ఉండాలి. బాగా తక్కువ తూగితే వెనక్కి పంపండి. సిమెంటు బస్తా మీద తయారైన వారం చూడండి, మూడు నెలలు దాటింది స్లాబుకు వద్దు. తేమ ఎక్కువ ఉండే మన ఊళ్ళలో నేల మీద బస్తాలు పేర్చకుండా కింద చెక్కలు వేయించండి.

హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉండి ఊళ్ళో అమ్మానాన్నల ఇల్లు బాగుచేయిస్తున్నవాళ్ళ సంగతి వేరు. ఇసుక లారీకి ఎదురు చూడమని పెద్దవాళ్ళకు చెప్పలేరు. వాళ్ళకు మెటీరియల్‌తో సహా ఒప్పందమే నయం, కాకపోతే ఇంజినీరును కాంట్రాక్టరు ద్వారా కాకుండా వేరుగా పెట్టుకోవాలి. ప్రతి విడతా అతను కొలిచి "ఇంత పని అయింది" అని రాసి పంపాకే డబ్బు వేయాలి. నాన్నగారు మొహమాటానికి మధ్యలో చేతి డబ్బు ఇవ్వకుండా, ఇస్తే లెక్కలోకి రాదని ఇద్దరికీ ముందే చెప్పి ఉంచండి. అన్ని చెల్లింపులూ బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో వెళ్ళాలి, ఏ విడతకో నోట్‌లో రాయాలి.

ఇంకో జాగ్రత్త. సున్నం గోడల పాత ఇంటి మీద స్లాబు, దాని మీద గది వేయాలనుకుంటే ఏ కాంట్రాక్టరు "గట్టి గోడలండీ, ఏం పర్లేదు" అన్నా స్ట్రక్చరల్ ఇంజినీరు రాసిచ్చేదాకా మొదలుపెట్టకండి. అతను వద్దంటే పక్కన కొత్త పునాది మీద స్తంభాలు లేపడం, లేదా పెంకుటింటినే బాగుచేసుకుని ఉంచుకోవడం. రెండోది తక్కువ ఖర్చు, వేసవిలో చల్లగానూ ఉంటుంది.

ఒప్పందంలో విడతలు పని వెనకాలే రావాలి. మొదలుపెట్టడానికి పదో వంతు మించి ఇవ్వకండి. స్లాబు అయ్యాక, గోడలు అయ్యాక, ప్లాస్టరింగ్ అయ్యాక అని రాసుకోండి. "మొదలుపెట్టినప్పుడు" అనే మాట ఏ విడత దగ్గరా ఉండకూడదు. అదనపు పని ఏదైనా మొదలయ్యే ముందే రేటు వాట్సాప్‌లో రాసుకుని ఇద్దరూ సరేననాలి. గోడ మూసే ముందు పైపులు, వైర్లు ఎటు వెళ్ళాయో టేపు పెట్టి వీడియో తీసుకోండి. చివరి 5 శాతం అక్టోబరు, నవంబరు వానలు దాటాక, స్లాబు కింద చెమ్మ లేదని చూసుకున్నాకే ఇస్తామని ముందే రాయండి, ఆ తేదీకి తప్పకుండా ఇచ్చేయండి.